నా నవ్వు విని బండి కదిలింది

నేను ఒక టీవీని. అలాగని ఇంటి టీవీని కాను. ఏ ఇంటి హాల్లోనూ ఒక్క రోజు లేను. తొమ్మిదేళ్లు చక్రాల మీదే తిరిగాను. ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపంగా ఉంది. తమ కథ చెప్పుకునే వస్తువులు సాధారణంగా మెత్తగా మాట్లాడతాయి, మనుషుల తప్పుల్ని చూసి చిన్నగా నవ్వి వదిలేస్తాయి. నాకు ఆ ఓపిక లేదు. ఇంకో సంగతి. మీరు రిమోట్ నొక్కితే నా తెర ఆరిపోతుంది గానీ నేను ఆరిపోను. చూస్తూనే ఉంటాను, వింటూనే ఉంటాను. మీ ఇంట్లో ఉన్నదీ అంతే.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. నా తెర నిండా ఎరుపు వెలిగించి, ఆకుపచ్చ వెలిగించి, నీలం వెలిగించి, ఎక్కడైనా వెలగకుండా చుక్క చచ్చిందేమో అని కళ్లు చిట్లించి వెతికేది. రోజంతా అదే పని. సాయంత్రానికి ఆ కళ్లు కందిపోయేవి. నన్ను రెండుసార్లు చూసి, "ఇది బావుంది" అని వెనక చీటీ అంటించింది. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మళ్లీ తారసపడలేదు.

కొన్నది సినిమావాళ్లు. కారవాన్ అనగానే మీకూ వాళ్లే గుర్తొస్తారుగా. షూటింగ్ పక్కన ఏసీ వేసుకుని నిలబడి ఉండే పెద్ద బండి. అందులో మేకప్ అద్దం పక్కన నన్ను బిగించారు. ఒక హీరోగారు నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చున్నారు. ఆయన నాలో చూసింది ఆయన పాత సినిమాలే. డైలాగు వచ్చేముందు పెదవులు కదిపేవారు. తర్వాత సినిమాలు వరసగా పోయాయి, బండి అమ్మకానికి వచ్చింది.

విశాఖపట్నంలో ట్రావెల్స్ నడిపే పైడిరాజు బండిని కొన్నాడు. మేకప్ బల్ల పీకించి సోఫాలు వేయించాడు, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టించాడు. వెనక భాగాన్ని మందపాటి కర్టెన్‌తో వేరు చేసి పిల్లల కోసం మంచం కట్టించాడు. ఆ మంచానికి ఎదురుగా నన్ను బిగిస్తూ మేస్త్రీతో అన్నాడు: "పిల్లలకిది ఒక్కటుంటే సాలు. పెద్దోల్లు ముందర సుకంగా కూకుంటారు."

అలా నా ఉద్యోగం మారింది. అరకుకీ, తిరుపతికీ, హంపికీ ఎన్ని కుటుంబాలు వెళ్లాయో. హీరోగారు తిరిగిన బండి అని తెలియగానే ముందు అందరూ సోఫాల మీద ఫొటోలు దిగుతారు. కొంతసేపు కిటికీలకి అతుక్కుంటారు. కాసేపటికి పిల్లలు "ఇంకెంతసేపు?" అని మొదలుపెడతారు. అంతే, నన్ను పెట్టేస్తారు. ఊళ్లు చూపిస్తామని పిల్లల్ని అంత దూరం తీసుకొచ్చి, ఊళ్లు కనిపించే కిటికీకి తెర వేసి, నన్ను చూపిస్తారు. ఎండ పడితే నా బొమ్మ సరిగా కనబడదు కదా, అందుకని.

ఆ బండి డ్రైవర్ గౌరునాయుడిది బొబ్బిలి దగ్గర పల్లె. యాభై దాటినవాడు, తక్కువ మాటల మనిషి. కానీ పిల్లలు ముందుకొచ్చి పక్క సీట్లో కూర్చుంటే మాత్రం అతనిలో ఇంకో మనిషి బయటికి వచ్చేవాడు. ఎదర పోయే ప్రతి లారీలో ఏముందో పిల్లల చేత చెప్పించేవాడు. "అదిగో, ఎనకనించి ఐసు నీల్లు కారతన్నాయి సూడు. యేటున్నట్టు?" అని అడిగేవాడు. "చేపలు!" అని పిల్లలు అరిచాక ఆ లారీని దాటుతూ వాసన చూడమనేవాడు. తాళ్లు ఎన్ని వరసలు కట్టారు, టైర్లు ఎంత అణిగాయి, పైన కప్పిన బరకం ఎంత ఎత్తు లేచింది అన్నీ చూపించేవాడు. అతని పక్కన పిల్లలున్నంతసేపూ నాకు సెలవు. ఆ సెలవంటే నాకు ఇష్టంగా ఉండేది.

ఈ కథ కాకినాడ వాళ్లది. ఏప్రిల్ చివరి వారం, బడులకి సెలవులిచ్చిన రెండో రోజు. ఫణీంద్రకి టైల్స్ షోరూమ్ ఉంది. భార్య సుజన ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచరు. ఆమె తమ్ముడు శేషు వాళ్లతో వచ్చాడు. పిల్లలిద్దరు. తనుష్‌కి ఏడేళ్లు. ఇందుకి నాలుగున్నర, ఇంట్లో బుజ్జి అంటారు. రామేశ్వరం వెళ్లి రావడం, మొత్తం ఎనిమిది రోజులు.

ఎక్కగానే సుజన సోఫాలో వాలిపోయి నవ్వుతూ అంది: "ఏడాదంతా స్కూల్లో నలభై మంది, ఇంట్లో ఇద్దరు. ఈ ఎనిమిది రోజులూ నన్నెవరూ పిలవకండి బాబూ."

"నువ్వు పడుకో. పిల్లల సంగతి నేను చూసుకుంటానుగా" అన్నాడు ఫణీంద్ర.

ఆ మాట గుర్తుంచుకోండి. ఆమె అడిగిన సెలవు న్యాయమైనదే, ఇస్తానన్నది భర్తే. ఇచ్చాడు కూడా. పని మాత్రం నాకు అప్పజెప్పాడు.

మొదటి రోజు ఏలూరు దాకా పిల్లలు గౌరునాయుడి పక్కనే ఉన్నారు. బుజ్జి చేపల లారీని తనే ముందు పట్టేసింది. "డ్రైవర్ మామయ్యా, నీళ్లు కారుతున్నాయ్! కారుతున్నాయ్!" అని సీటు మీద గెంతింది. ఫణీంద్ర పేకముక్కలు చేతిలో పట్టుకునే ముందుకొచ్చాడు.

"ఏంటర్రా ఈ గోల? బండి నడిపేవాడి పక్కన గెంతుతారా? నువ్వు రోడ్డు చూడు నాయుడూ, కబుర్లు తర్వాత."

ఆ మాటలో తప్పు లేదు. బండి నడిపే మనిషి పక్కన పిల్లలు గెంతకూడదు. కానీ వాళ్లని అక్కణ్ణించి లేపి తన పక్కన కూర్చోబెట్టుకోలేదు. ముక్కలు అన్నీ కింద పడతాయని కాబోలు, రెండో చేత్తోనే ఇద్దర్నీ వెనక్కి తోలి నా ముందు కూర్చోబెట్టాడు. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. కర్టెన్ లాగేశాడు. ముందు సోఫాలో శేషుతో రమ్మీ మళ్లీ మొదలైంది.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక బాతు బొమ్మ ఉంది. ఎర్ర టోపీ పెట్టుకున్న బాతు చెరువు దాటుతుంటుంది. అది జారినప్పుడల్లా వెనక నుంచి పదిమంది పిల్లలు కిలకిలా నవ్వుతారు. ఎక్కడో ఏదో గదిలో ఎవరి పిల్లల నవ్వో పట్టి అందులో పెట్టారు. ఆ రోజు అది పన్నెండుసార్లు తిరిగింది. ఐదోసారి అనుకుంటాను, బుజ్జి దగ్గరకొచ్చి నా తెర మీద వేలు పెట్టింది.

"బాతు నీళ్లల్లోకి వెళ్లినా ఎందుకు తడవదు?"

నన్నే అడిగింది. నేను నవ్వాను, ఆ పదిమంది నవ్వు.

"దానికి వినబడదే. అది టీవీ" అన్నాడు తనుష్.

నాకు వినబడింది. పిల్ల అడిగిన మొదటి ప్రశ్న, కర్టెన్ అవతలే తండ్రి ఉన్నా, నా దగ్గరకొచ్చి చచ్చిపోయింది. నా కోపం అప్పుడే మొదలైందనుకుంటాను.

రెండో రోజు మధ్యాహ్నం నెల్లూరు దాటాం. రోడ్డుకి ఒక పక్క కోతలైపోయిన వరిచేలు, వాటి అంచున కాలవ. టీ కోసం ఒక దాబా దగ్గర గౌరునాయుడు బండి ఆపుతుంటే, బుజ్జి కిటికీ తెర మూల ఎత్తి బయటికి చూసింది. చేలో వందల బాతులు. తెల్లవి, బూడిద రంగువి, మట్టి రంగువి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

"నాన్నా! బాతులు! నిజం బాతులు!"

"ఆ, చూడు చూడు" అన్నాడు ఫణీంద్ర ముక్కల్లోంచి తల ఎత్తకుండా. నాలోని బాతు గురించి అనుకున్నాడు.

"టోపీ లేదు నాన్నా వాటికి!"

"చూడమన్నానుగా తల్లీ. మీరు దిగకండి, ఎండ దంచేస్తోంది. మేం టీ తాగొస్తాం."

బావా బావమరుదులు దిగారు, వాళ్ల వెనకే గౌరునాయుడూ. సుజనకి తలనొప్పి, కళ్ల మీద చున్నీ వేసుకుని సోఫాలో పడుకుని ఉంది. తనుష్ నా ముందు బోర్లా పడుకుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. బుజ్జి మంచం దిగింది. ఒక చెప్పు దొరికింది, రెండోది మంచం కిందికి పోయింది. వంగి వెతికింది, అందలేదు. ఒక్క చెప్పుతోనే పక్క తలుపులోంచి మెట్లు దిగి వెళ్లిపోయింది. పసుపు గౌను చేను వైపు పోవడం కిటికీ సందులోంచి చూశాను. ఆ తర్వాత ఎండ తప్ప ఏమీ కనబడలేదు.

చూడ్డం ఒక్కటే నాకు చేతనైనది. గొంతు ఉంది గానీ అది నాది కాదు.

పావుగంట తర్వాత ముగ్గురూ తిరిగొచ్చారు. గౌరునాయుడు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి అడిగాడు:

"అందరూ ఎక్కీసేరా బావూ? పిల్లలున్నారా?"

"ఆ, ఉన్నారు. పోనియ్."

సుజన చున్నీ తీయకుండానే, "పిల్లలేరీ?" అంది.

"వినబడట్లేదా? వెనక నవ్వుతున్నారుగా."

ఆ నవ్వు నాది. టోపీ బాతు జారిపడింది, ఎవరివో తెలియని పదిమంది పిల్లలు నవ్వారు. ఆ నవ్వు విని ఒక తండ్రి తన కూతురు బండిలో ఉందని నమ్మాడు. మూడడుగులు వేసి కర్టెన్ తీస్తే తెలిసేది. మూడే అడుగులు. బండి కదిలింది.

తడ దాటాక సుజనకి తలనొప్పి తగ్గింది. లేచి మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూకారం చల్లి, రెండు చిన్న గిన్నెల్లో వేసుకుని కర్టెన్ తీసింది.

"బుజ్జి ఏది?"

"ఏమో" అన్నాడు తనుష్ నా మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆమె మంచం కింద చూసింది. దుప్పట్లు లాగేసింది. బాత్రూం తలుపు తీసింది. తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన కేక, నా లోపల ఎన్ని సినిమాలు తిరిగాయో గానీ, అలాంటిది ఒక్కటీ లేదు.

ఫణీంద్ర పరిగెత్తుకొచ్చి మొదట చేసిన పని తనుష్‌ని కొట్టడం. "చెల్లిని చూసుకోవాలని తెలీదురా నీకు? ఇంతసేపూ ఏం చేస్తున్నావ్?"

ఏడేళ్లవాడు. ఏం చేస్తున్నాడా? చూడమన్నది చూస్తున్నాడు.

గౌరునాయుడు వచ్చిన దారిలోకి బండి తిప్పాడు. దాబా పేరు ఎవరికీ గుర్తు లేదు, ఫోన్ నెంబరు లేదు. శేషు ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. సుజన డ్రైవర్ సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. "అన్నా, తొందరగా అన్నా" అన్న మాట తప్ప ఇంకేమీ అనలేదు. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. బాతు మళ్లీ చెరువు దాటడం మొదలుపెట్టింది. సుజన వెనక్కి వచ్చి నా తీగ పట్టుకుని గోడలోంచి పీకేసింది. అందుకు ఆమెకి దండం పెట్టాలనిపించింది.

బుజ్జి దిగిపోయిన రెండు గంటల నలభై నిమిషాలకి మేం మళ్లీ ఆ దాబా ముందున్నాం.

తలుపు తెరిచి ఉంది కాబట్టి నేనూ చూశాను. దాబా పక్కన పట్టా పందిరి కింద ఒక నులక మంచం. దాని మీద ఒకామె కూర్చుని ఉంది, ఎండకి కమిలిన మొహం, మోకాళ్ల దాకా బురద. ఆమె ఒళ్లో బుజ్జి. తలకి తడి తువ్వాలు చుట్టి ఉంది. పిల్ల చేతుల్లో చిన్న బాతుపిల్ల, మూతికి అంటుకున్న గుడ్డు ముక్క. పిల్ల నవ్వుతోంది. ఆ నవ్వు నాది కాదు, ఆ పిల్లదే. రెండింటికీ తేడా తెలియడానికి చెవులు అక్కర్లేదు.

ఆమె పేరు రవణమ్మ. బాతుల్ని మేపుకుంటూ చేలవెంట తిరిగే మనిషి. సుజన పరిగెత్తి వస్తుంటే పిల్లని ఎత్తుకుని లేచి నిలబడింది.

"ఏందమ్మా, బిడ్డని ఒదిలేసి ఎట్ట పోయినారు? కాలవ గట్టు మింద ఒక్కతే ఉండాది. బాతులు నీళ్లలోకి దిగతావుంటే ఇది గూడా దిగబోయింది. నేను జూడబట్టి సరిపోయింది గాని... మా ఆయన బాతుల్ని తోలుకోని ముందరికి పోయినాడు. మీరొస్తారని నేను ఈడే కూసోనుండా."

అప్పటికే చుట్టూ జనం మూగారు. లారీలవాళ్లు, కార్లవాళ్లు. "పిల్లని వదిలేసిపోయారంటయ్యా" అని ఒకతను పైకే అన్నాడు. ఫణీంద్ర మొహం మాడిపోయింది. సిగ్గుపడాల్సిన మనిషి ఆ సిగ్గుని ఎక్కడ దింపుకోవాలా అని చుట్టూ చూడ్డం నేను కళ్లారా చూశాను. అందరికంటే బలహీనంగా కనిపించిన మనిషి ఎదురుగానే ఉంది.

"నువ్వెవరసలు? పిల్ల కనబడితే దాబాలో అప్పజెప్పాలి గానీ చేలోకి ఎందుకు తీసుకుపోయావ్?"

"నేను తీసకపోలేదు సామీ. ఆ బిడ్డే వచ్చింది."

"నాలుగేళ్ల పిల్ల అంత దూరం తనే వచ్చేస్తుందా? బావా, పిల్లల్ని ఎత్తుకుపోయే బ్యాచ్‌లు తిరుగుతున్నాయంట" అన్నాడు శేషు. "పోలీసులకి ఫోన్ చేస్తానుండు."

ఆ ఒక్క మాటతో జనం మారిపోయారు. ఇందాకటి దాకా జాలిగా చూసినవాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఒకడు ముందుకొచ్చి రవణమ్మ రెక్క పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఏం జరుగుతోందో అర్థం కానట్టు అందరి మొహాలూ చూస్తోంది.

గౌరునాయుడు బండి దిగి మధ్యలోకి వెళ్లి ఆ చెయ్యి తోసేశాడు.

"ఆగండి బావూ! ఎత్తుకుపోయినోల్లు రోడ్డు పక్కన మీకోసం కూకుంటారేటి? గుడ్డెట్టి, తలకి తడిగుడ్డ సుట్టి మరీ సూసుకుంది. ఆయమ్మని యేటంతన్నారు మీరు?"

"నువ్వు నోర్ముయ్! అందరూ ఎక్కారో లేదో చూసుకోవడం నీ పని కాదా?" అన్నాడు ఫణీంద్ర.

"అడిగేను గదా బావూ."

"ఎప్పుడడిగావ్? అబద్ధాలు!"

దాబా యజమాని గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. "రవణమ్మ రెండు గంటల్నించీ ఈడే ఉండాది సార్. నా కళ్ల ముందరే. కోడిగుడ్డు గూడా నా కాడ్నే తీసుకుంది" అని అరిచి చెప్పాడు. జనం నెమ్మదించారు. శేషు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఫణీంద్ర బుజ్జిని ఆమె చేతుల్లోంచి లాక్కుని సుజనకిచ్చాడు. బాతుపిల్ల కింద పడింది. రవణమ్మ వంగి దాన్ని తీసి, కొంగుతో మట్టి తుడిచి, కాలవ గట్టు పట్టుకుని వెళ్లిపోయింది. క్షమించమని ఎవరూ ఒక్క మాట అనలేదు. సుజన కూడా. పిల్లని గుండెకి అదుముకుని ఏడుస్తూ బండెక్కేసింది. ఆమె మీద నాకున్న కోపం ఆ ఒక్క చోటే.

బండి కదిలాక ఫణీంద్ర పైడిరాజుకి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల పిల్ల పోయినంత పనైందనీ, కనీసం అడగకుండా బండి తీశాడనీ చెప్పాడు.

"తప్పైపోయింది సార్. ఈ ట్రిప్పు అవనియ్యండి, ఆడ్ని తీసీస్తాను" అంది పైడిరాజు గొంతు.

గౌరునాయుడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. స్టీరింగ్ మీద వేళ్లు మాత్రం ఒకసారి విప్పి మళ్లీ బిగించాడు.

"డ్రైవర్ మామయ్య అడిగాడు నాన్నా."

తనుష్. మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెంప మీద వాపు తగ్గలేదు. "పిల్లలున్నారా అని అడిగాడు. నువ్వే 'ఉన్నారు, పోనియ్' అన్నావ్. నాకు వినబడింది."

"నోరు మూసుకుని టీవీ చూడు!"

ఫణీంద్ర వచ్చి నా తీగ మళ్లీ గోడలో గుచ్చాడు. సౌండు పెంచాడు. ఎర్ర టోపీ వచ్చింది. పదిమంది నవ్వారు. ఒక పిల్లవాడు చెప్పిన నిజం మీద నా గొంతు తెచ్చి పోశాడు. నన్ను ఎన్నో పనులకి వాడారు. ఇంత నీచమైన పనికి ఎవరూ వాడలేదు. నాకు చేతులుంటే ఆ తీగ నేనే పీక్కునేదాన్ని.

నాకు లేని చేతులు తనుష్‌కి ఉన్నాయి. పక్కనున్న స్టీలు నీళ్ల సీసా తీసి నా మీదికి విసిరాడు. నడి తెర మీద తగిలింది. బొమ్మ నాలుగు ముక్కలై, గీతలై, నల్లబడిపోయింది. సీసా మూత ఊడి చిమ్మిన నీళ్లు లోపలికి పోయి గొంతు కూడా గరగరమని ఆగిపోయింది. దెబ్బకి నాకు బాధ కలగలేదు. వాడి వంక చూసి, శెభాష్ రా అనుకున్నాను.

ఫణీంద్ర చెయ్యెత్తాడు.

"చెయ్యి దించు" అంది సుజన.

ఆమె గొంతు పెద్దది కాలేదు. బుజ్జి ఆమె భుజం మీద నిద్రపోతోంది. "అతను అడిగాడు. నేను విన్నాను. పిల్లలేరీ అని నేనూ అడిగాను. నవ్వుతున్నారుగా అన్నావు. అది టీవీ నవ్వేమో అని నాకు అనుమానం వచ్చింది ఫణీ. లేచి చూడ్డానికి బద్ధకించాను. ఇద్దరం చేశాం ఇది. ఇప్పుడు వాణ్ణి కొడతావా?"

"డ్రైవర్ ముందు నా పరువు తీస్తావా?"

"పిల్ల కాలవలో పోయేది. నీ పరువు గురించి రేపు మాట్లాడదాం."

ఆమె తన ఫోన్ తీసి పైడిరాజుకి చేసింది. తప్పు తమదేననీ, డ్రైవర్ అడిగాడనీ, తమవాళ్లే చూడకుండా చెప్పారనీ చెప్పింది. అవతల నుంచి "సరేనమ్మా, సూద్దాం" అని వచ్చింది. ఆ సూద్దాంలో ఎంతుందో గౌరునాయుడికి తెలుసు, నాకూ తెలుసు.

మిగతా రోజులు నేను నల్లటి పలకలా వేలాడుతూ చూశాను. అవి బంగారంలా గడిచాయని చెప్పను. పిల్లలు కొట్టుకున్నారు, పాలు ఒలకబోశారు, బుజ్జి ఒక గంటలో "ఎందుకు" అని ఎన్నిసార్లు అందో. మదురై దగ్గర సుజన ఇద్దరి మీదా అరిచి, తర్వాత తనే ఏడ్చింది. శేషు సగం దారిలో రైలెక్కి వెళ్లిపోయాడు. ఫణీంద్ర ఒంటరిగా కూర్చుని ముక్కలు కలిపాడు, పేర్చాడు, మళ్లీ కలిపాడు. కొడుకు అతనితో రామేశ్వరం దాకా మాట్లాడలేదు. కానీ కిటికీ తెరలు తీసే ఉన్నాయి. సుజన డ్రైవర్ వెనక సీట్లో పిల్లలతో కూర్చుని లారీలు చూడ్డం నేర్చుకుంది. బాతు రెక్కల మీద నూనెలాంటిది ఉంటుందనీ, అందుకే తడవదనీ ఆమే చెప్పింది. ఆ జవాబు కోసం ఆ పిల్ల ఎన్ని ఊళ్లు దాటిందో!

తిరుగు ప్రయాణంలో, ఏడో రోజు పగటిపూట, సుజన ఆ దాబా దగ్గర బండి ఆపించింది. రవణమ్మ కోసం రామేశ్వరంలో ఒక చీర కొని పెట్టుకుంది. పిల్లలిద్దర్నీ రెండు చేతులా పట్టుకుని దిగింది. ఫణీంద్ర తలుపు దగ్గరి మెట్టు మీదే నిలబడ్డాడు.

చేలో ఒక్క బాతు లేదు. ఎండిన మట్టిలో ఈకలున్నాయి.

దాబా యజమాని సుజనని గుర్తుపట్టాడు. "వాళ్లు ఒకచోట ఉండరమ్మా. కోతలైన చేలు చూసుకుంటా పోతావుంటారు." తర్వాత కాసేపు ఆగి, చెప్పాలా వద్దా అన్నట్టు చేతులు తుడుచుకుని చెప్పాడు. "ఆ దినం మీరు పోయినాక ఎవురో ఆ వీడియో ఫోన్లలో పెట్టినారు. పిలకాయల్ని ఎత్తకపోయేది ఈమే అని. కింద రెండూళ్లలో వాళ్లని చేలోకి దిగనీలేదంట. ఒకచోట మొగుణ్ణి కొట్టినారంట గూడా. యాడికి పోయినారో తెలీదు."

సుజన చేతిలో చీర సంచి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. అతను విన్నాడు. ప్రతి మాటా విన్నాడు.

"ఫణీ, నువ్వు చెప్పాలి. ఆమె ఎత్తుకుపోలేదని. మనమే వదిలేశామని. నీ నోటితో."

"ఎవరు చూస్తారిప్పుడు? అయిపోయిందిగా. ఎక్కు, వెళ్దాం."

ఆమె ఎక్కలేదు. తన ఫోన్ దాబా యజమాని చేతికిచ్చి వీడియో తీయమంది. ఎర్రటి ఎండలో, పిల్లలిద్దర్నీ పక్కన నిలబెట్టుకుని మాట్లాడింది. "నా పేరు సుజన. మాది కాకినాడ. ఈ పాపని ఎవరూ ఎత్తుకుపోలేదు. మేమే చూసుకోకుండా వదిలేసి వెళ్లిపోయాం. రవణమ్మగారు కాలవలో పడకుండా కాపాడారు. ఆవిణ్ణి మేం దొంగ అన్నాం. ఆవిడకి మేం..." తనుష్ పూర్తి చేశాడు. "సారీ చెప్తున్నాం" అన్నాడు. చెప్పాల్సిన అవసరమే లేనివాడు, అందరికంటే గట్టిగా చెప్పాడు. ఫణీంద్ర మెట్టు మీదనుంచి లోపలికి వచ్చేశాడు. చీర దాబాలో ఇచ్చి వచ్చారు, ఆమె మళ్లీ ఆ దారిన వస్తే ఇమ్మని.

విశాఖ చేరాక పైడిరాజు గౌరునాయుడితో, "ఆయమ్మ ఫోన్ సేసింది గదా, ఉండిపోరా" అన్నాడు. గౌరునాయుడు తాళాలు బల్ల మీద పెట్టాడు. "ఆల్లు సెప్పింది ఇన్నారు. ఆయమ్మ సెప్పింది ఇన్నారు. పన్నెండేల్లు మీ కాడ డ్రైవరీ సేసేను, యేటయిందిరా అని నన్నొక్క మాట అడిగేరా బావూ?" అని వెళ్లిపోయాడు. సిమెంటు లారీ తోలుతున్నాడని తర్వాత ఎవరో అనుకుంటుంటే విన్నాను.

నన్ను ఊడదీసి గాజువాకలో ఒక పాత సామాన్ల కొట్టుకి పంపారు. తుప్పు పట్టిన కూలర్ల మధ్య గోడకి ఆనించి పెట్టారు. నా స్థానంలో నాకంటే పెద్దది బిగించారట, పిల్లలకి చెవుల్లో పెట్టుకునేవి కూడా ఇస్తున్నారట. ఇప్పుడు వెనక నుంచి చప్పుడే రాదు కాబట్టి పెద్దవాళ్లు ఇంకా హాయిగా ఉండొచ్చు. ఈ మధ్య నాలోంచి రాగి తీగలు లాగేశారు. రేపో మాపో మిగిలింది కూడా విరగ్గొడతారు. విరగ్గొట్టనివ్వండి, నాకు దాని గురించి చింత లేదు.

సుజన మాట్లాడి ఫోన్లలో పెట్టిన ఆ వీడియో ఎంతమంది చూశారో నాకు తెలియదు. రవణమ్మ చూసిందో లేదో, ఆమె దగ్గర అసలు అలాంటి ఫోన్ ఉందో లేదో తెలియదు. ఆమె ఇప్పుడు ఏ జిల్లాలో, ఏ కోసిన చేలో బాతుల వెనక నడుస్తోందో. ఏదో ఒక రోజు మళ్లీ ఒక కాలవ గట్టు మీద ఎవరిదో పిల్ల ఒంటరిగా, నీళ్ల వైపు నడుస్తూ కనబడుతుంది. పోయినసారి ఆమె చేతిలో కర్ర పారేసి పరిగెత్తి ఉంటుంది. ఈసారి పరిగెత్తే ముందు, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమో అని ఒక్క క్షణం ఆగుతుందేమో. నా కోపమంతా ఆ ఒక్క క్షణం గురించే.